‘మంచిగనే చదువుతున్నడమ్మా’ అనడం మానేశాక: మా ప్రాథమిక పాఠశాల కేస్ స్టడీ

ఇది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో 2024 జూన్ నుంచి 2025 ఏప్రిల్ దాకా జరిగిన సంగతి. నేను అక్కడ ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. ఇన్‌చార్జి హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్) కూడా నేనే. ఊరి పేరు, పిల్లల పేర్లు రాయడం లేదు, కారణం చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. తల్లిదండ్రులకు బడి సంగతి ఎంత చెప్పాలి, ఎలా చెప్పాలి, చెప్తే ఏమవుతుంది అని తలపట్టుకుంటున్న టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి, అవి వదిలేస్తే ఇది రాసి లాభం లేదు.

బడిలో 64 మంది పిల్లలు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 61 నుంచి 90 మంది ఉంటే ముగ్గురు టీచర్లు ఉండాలి. జూన్ 12న బడి తెరిచినప్పుడు ముగ్గురమే ఉన్నాం. ఆ వేసవిలో రాష్ట్రమంతా పదోన్నతులు, బదిలీలు జరిగాయి కదా, మాలో ఒక మేడమ్ పదోన్నతి మీద వెళ్లిపోయారు. ఎన్నో ఏళ్లుగా ఆగిన పదోన్నతి ఆమెది, మేమంతా సంతోషంగా శాలువా కప్పి పంపించాం. మర్నాటి నుంచి ఇద్దరమే. 1, 2 తరగతులు ఒక గదిలో, 3, 4, 5 తరగతులు నా గదిలో. నా గదిలో 41 మంది.

అది ఎలా ఉంటుందో టీచర్ కాని వాళ్లకు చెప్పాలి. నల్లబల్లను సుద్దముక్కతో నిలువుగా మూడు భాగాలు చేస్తాను. ఎడమ వైపు మూడో తరగతికి పదాలు, మధ్యలో నాలుగుకి తీసివేతలు, కుడి వైపు ఐదుకి ప్రశ్నలు. మూడో తరగతి వాళ్లకు చెప్తుంటే నాలుగు వాళ్లు అయిపోయిందని పలకలు ఎత్తి పట్టుకుంటారు, ఐదు వాళ్లు వెనక కొట్టుకుంటారు. 45 నిమిషాల పీరియడ్‌లో ఒక తరగతికి నా నోటి నుంచి నేరుగా అందేది 15 నిమిషాలు, అదీ ఎవరూ మధ్యలో పిలవకపోతే. మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క, ఆన్‌లైన్ ఎంట్రీలు, ఎవరికో బోనఫైడ్ సర్టిఫికెట్, ఇవన్నీ ఆ 15 నిమిషాల్లోంచే పోతాయి.

ఇవేవీ ఊళ్లో ఎవరికీ తెలియవు. తెలియజెప్పాలని నాకూ అనిపించలేదు, అప్పటిదాకా.

చీటీ

జులైలో పేరెంట్స్ మీటింగ్ పెట్టాం. 11 మంది వచ్చారు. ప్రగతి పత్రాల మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాం, టీ తాగాం, ఫొటో దిగాం, అప్‌లోడ్ చేశాం. నాలుగో తరగతి అబ్బాయి వాళ్లమ్మ అడిగింది, “ఎట్ల చదువుతున్నడు సార్ మా పోరడు?” అని. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. “మంచిగనే చదువుతున్నడమ్మా, కొంచెం ఇంటికాడ గూడ చూస్కోండి” అన్నాను. ఇరవై ఏళ్లలో కొన్ని వందల సార్లు అన్న మాట.

ఆగస్టులో ఒకరోజు పొద్దున ప్రార్థన కాకముందే ఆమె బడికొచ్చింది. చేతిలో మహిళా సంఘం అప్పు చీటీ ఉంది. రాత్రి కొడుకుతో చదివించిందట. నా ముందర మళ్లీ చదివించింది. “చెల్లించవలసిన మొత్తం” అని ఉంది దానిమీద. వాడు వేలు పెట్టి, “చె... లిం... చ... వ... ల... సి... న... మొ... తం” అన్నాడు. ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. ఒత్తు అనేది వాడి కంటికి అక్షరం కింద పడ్డ మచ్చ లాంటిదే. ఆమెకు చదువు రాదు, కానీ వాడు తడుముకోవడం తెలుస్తుంది కదా. “మంచిగనే చదువుతున్నడంటిరి గద సార్” అంది. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నేను ఏదో ఒకటి అడ్డం చెప్పేవాణ్ని.

వాడికి ఒత్తులు రావని నాకు తెలుసు. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం 2022 ఆగస్టులో మొదలైంది, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో నా రికార్డులో ఉంది. 3, 4, 5 తరగతుల 41 మందిలో 27 మంది ఒత్తులున్న చిన్న పేరా చదవలేరని జులైలోనే రాసుకున్నాను. ఆ కాగితం చుట్టుపక్కల బడులను కలిపి చూసే స్కూల్ కాంప్లెక్స్‌కు వెళ్లింది, మండలానికి వెళ్లింది. వాడి కన్నతల్లికి మాత్రం చేరలేదు.

ఆ రాత్రి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ మళ్లీ తీసి చదివాను. టీచరు విధుల జాబితా అది. టైముకు రావడం, సిలబస్ పూర్తిచేయడం మనందరికీ గుర్తుంటాయి. అందులోనే ఇంకొకటి ఉంది: తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరిపి పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి, ఇంకా పిల్లలకు సంబంధించిన అవసరమైన సమాచారం వాళ్లకు తెలియజేయాలి. అంటే వాళ్లకు చెప్పడం నా దయ కాదు, నా డ్యూటీ.

బడి ముచ్చట

ఆగస్టు ఆఖరున మొదలుపెట్టాం. నెలకు ఒక అరపేజీ ఉత్తరం, పైన ‘బడి ముచ్చట’ అని పేరు. సెప్టెంబర్‌ది ఇలా ఉంది:

“నమస్కారం. ఈ నెల మూడో తరగతి పిల్లలు గుణింతాలు పూర్తిచేసి ఒత్తుల్లోకి వచ్చారు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు మూడంకెల తీసివేతలు చేస్తున్నారు, అప్పు తెచ్చుకోవడం దగ్గర చాలామంది తడబడుతున్నారు. మన బడికి ముగ్గురు టీచర్లు ఉండాలి, ఇద్దరం ఉన్నాం. ఇద్దరిలో ఒకరు శిక్షణకు 3 రోజులు, మీటింగులకు 2 రోజులు వెళ్లారు. ఆ 5 రోజులు ఐదు తరగతులకూ ఒక్కరే టీచర్. బోరు మోటారు రిపేరు వల్ల 4 రోజులు మరుగుదొడ్లకు నీళ్లు లేవు, ఇప్పుడు వస్తున్నాయి. ఈ నెల ఇంట్లో చేయాల్సింది ఒక్కటే: రోజూ రాత్రి మీ బాబుతోనో పాపతోనో ఏదో ఒక కాగితం నాలుగు లైన్లు గట్టిగా చదివించండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ ఆగుతున్నారో వినండి.”

అంతే. ‘నిపుణ్ లక్ష్యాలు’, ‘అభ్యసన ఫలితాలు’ లాంటి మాటలు ఒక్కటీ పెట్టలేదు. మొదటి ఉత్తరం ముసాయిదాలో అవి ఉండేవి. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే వంట ఏజెన్సీ అక్కకు చదివి వినిపించాను. ‘అభ్యసన’ అనగానే ఆమె పొయ్యి వైపు తిరిగింది. కొట్టేశాను. అప్పటినుంచి ప్రతి ఉత్తరమూ ముందు ఆమెకే వినిపించాను, ఆమె “గదేంది?” అన్న ప్రతి మాటా మార్చాను.

ఉత్తరం సగం ఇళ్లలో చదివేవాళ్లు లేరు. అందుకని అదే సంగతి నిమిషంన్నర వాయిస్ మెసేజ్‌గా వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ని, రాత్రి ఎనిమిదింటికి, పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే టైముకు. మా దిక్కు వలసల సంగతి తెలిసిందే. చాలామంది పిల్లలు అవ్వ దగ్గర, తాత దగ్గర ఉంటారు, అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో ముంబైలోనో పుణేలోనో ఉంటారు. నేను అనుకోనిది ఏం జరిగిందంటే, ఊళ్లో ఉన్నవాళ్ల కన్నా వలస పోయినవాళ్లే ఎక్కువ విన్నారు. పుణేలో సెంట్రింగ్ పని చేసే ఒక తండ్రి విన్న వెంటనే ఇంటికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టించి, బిడ్డతో చదివించుకునేవాడు. ఒకసారి ఆ ఇంటికి పోయినప్పుడు చూశాను. అవ్వ ఫోన్ పట్టుకుని కూర్చుంది, పిల్ల చదువుతోంది, అవతల మిక్సర్ చప్పుడు వినిపిస్తోంది. నాలుగు లైన్లు అయ్యాక “ఇంగొకసారి చదువు బిడ్డా” అన్నాడాయన.

మీటింగ్ పద్ధతి కూడా మార్చాం. వాళ్లను బడికి రమ్మనడం కాదు, నెలకోసారి మహిళా సంఘం మీటింగ్‌కు మేమే పోయాం. బడి బాగోగులు చూసే ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీకి గ్రామ సమాఖ్య (ఊళ్లోని మహిళా సంఘాల సమాఖ్య) అధ్యక్షురాలే చైర్‌పర్సన్ కాబట్టి అది తేలికైంది. ఆమె పావుగంట టైమిచ్చేది. ఇద్దరు ముగ్గురు పిల్లలను వెంట తీసుకుపోయి అక్కడ చదివించేవాళ్లం, చదవడం వచ్చినవాళ్లతోనే, రానివాళ్లతో కాదు.

నేను చేసిన పెద్ద తప్పు

చదవడం రానివాళ్ల పేర్లు బయటపెట్టకూడదని నాకు మొదటి నెలలో తెలియలేదు. ఆగస్టు వాయిస్ మెసేజ్‌తో పాటు గ్రూపులో “ఒత్తులు నేర్చుకోవాల్సిన పిల్లలు” అని తొమ్మిది పేర్లు టైప్ చేసి పెట్టాను. పారదర్శకంగా ఉంటున్నాననే అనుకున్నాను. మర్నాడు ఐదో తరగతి అమ్మాయి ఫుల్ చేతుల స్వెటర్ వేసుకొచ్చింది, ఆగస్టు ఉక్కలో. మధ్యాహ్నం పళ్లెం కడిగేటప్పుడు చేయి పైకి జరిగింది. చీపురు పుల్లల వాతలు. వాళ్ల నాన్న మెసేజ్ చూసి కొట్టాడు. “ఊరందరి ముంగట ఇజ్జత్ తీసినవ్” అన్నాడట.

ఆ అమ్మాయి నాతో దాదాపు నెల రోజులు మాట్లాడలేదు. ఏదన్నా అడిగితే పుస్తకంలోకి చూసేది. నేను వాళ్లింటికి పోయి ఆయనతో మాట్లాడాను, తప్పు నాదని చెప్పాను. ఆయన తల దించుకున్నాడు. పిల్లకు మాత్రం ఆ దెబ్బలు నా వల్లే తగిలాయి, దీనికి ఇంకో వివరణ లేదు.

అప్పటినుంచి పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. గ్రూపులో తరగతి సంగతి మాత్రమే, ఏ పిల్లవాడి పేరూ రాదు. ఒక్కో పిల్లవాడి సంగతి వాళ్ల ఇంట్లో వాళ్లకే, విడిగా, నోటితో. ముందు వాడికి ఏం వచ్చో చెప్పి, తర్వాత ఏం రావాలో చెప్పి, ఇంట్లో చేయాల్సింది ఒక్కటే చెప్పాలి. ఎవరింట్లో కొడతారో మనకు తెలుసు, ఆ ఇంటికి ఫోన్‌లో చెప్పకూడదు, మనిషి పోవాలి. మీ బడిలో ఇలాంటిది మొదలుపెట్టేవాళ్లు మిగతావన్నీ మర్చిపోయినా దీన్ని మర్చిపోకండి.

టీచర్ల కొరత గురించి రాయొచ్చా

ఎక్కువ మంది అడిగేది ఇదే. నాతో పనిచేసే సార్ మొదటి ఉత్తరం చూడగానే టెన్షన్ పడ్డారు. “ముగ్గురుండాలె, ఇద్దరున్నం అని రాస్తే ఎవరో ఫొటో తీసి పైకి పంపుతరు, మెమో వస్తది మనకు” అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. 1964 నాటి ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి మనకు వర్తిస్తుంది, ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించకూడదు.

ఇద్దరం కూర్చుని ఒక గీత గీసుకున్నాం. మా రిజిస్టర్లలో, యూడైస్‌లో (బడుల వివరాలుండే ప్రభుత్వ డేటాలో) ఉన్న అంకెలే రాస్తాం. ఎందుకిలా అయింది, ఎవరి తప్పు అన్నది రాయం. ఏ అధికారి ప్రస్తావనా, ఏ పార్టీ ప్రస్తావనా రాదు. ధర్నా చేయండి, వినతిపత్రం ఇవ్వండి అని చెప్పం. పిల్లల చదువుకు తగిలేదే రాస్తాం. టీచర్ లేని రోజు, నీళ్లు లేని రోజు, మూడు తరగతులు ఒక గదిలో కూర్చోవడం, ఇవి పిల్లల చదువు సంగతులే. మా జీతాలు, డీఏలు, మా ఇబ్బందులు ఆ కాగితంలోకి రాకూడదు. ఉత్తరం బయటికి పోకముందు కాంప్లెక్స్ హెచ్‌ఎం గారికి చూపిస్తాం.

అయినా అక్టోబర్ మొదట్లో సార్ చెప్పినట్టే అయింది. సెప్టెంబర్ ఉత్తరం ఫొటో ఊరి గ్రూపులోకి పోయింది, అక్కడ ఇద్దరు నాయకుల మధ్య మాటల యుద్ధం, రెండు రోజుల్లో నాకు పైనుంచి ఫోన్. హాజరు రిజిస్టరు, టీచర్లు పని మీద బయటికి పోయింది రాసే మూవ్‌మెంట్ రిజిస్టరు, 24వ సెక్షన్ ప్రింటు పట్టుకుని పోయాను. నిజానికి కాళ్లు వణికాయి. “రాసినవన్నీ ఇందులో ఉన్నాయి సార్, ఒక్కటి తప్పున్నా చెప్పండి, దిద్దుతాను” అన్నాను. వాళ్లు రిజిస్టర్లు తిరగేశారు. మెమో ఇవ్వలేదు. ఖాళీల సంగతి వాట్సాప్‌లో వద్దు, బడి నోటీసు బోర్డు మీద పెట్టుకోండి అన్నారు. సరేనన్నాను. ఒప్పుకోవడం సరైందేనా అంటే, సగం సరైందే అనుకుంటున్నాను. నోటీసు బోర్డు పుణేలో ఉన్న తండ్రికి కనిపించదు. కానీ మొత్తం ఉత్తరమే ఆగిపోవడం కన్నా అది మేలనిపించింది.

ఉత్తరంలో డబ్బు లెక్క కూడా ఉండేది. అప్పట్లో 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద స్కూల్ గ్రాంట్ ఏడాదికి 25,000 రూపాయలు, పారిశుధ్యానికి నెలకు 6,000 ఉండేవి. వచ్చింది ఎంత, ఖర్చు ఎంత అని రెండు లైన్లు. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ‘సార్ తింటున్నడు’ అనే మాట మాత్రం ఆగిపోయింది.

నవంబర్

దసరా సెలవుల తర్వాత డీఎస్సీ 2024లో వచ్చిన కొత్త టీచరమ్మ మా బడికి వచ్చింది. ముగ్గురమయ్యాం. మూడు వారాలు తిరక్కముందే నవంబర్ 6న రాష్ట్ర ప్రభుత్వ ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది. ఎస్‌జీటీలను ఎన్యూమరేటర్లుగా, అంటే ఇంటింటికీ పోయి వివరాలు రాసుకునేవాళ్లుగా వేశారు, ప్రాథమిక పాఠశాలలు మధ్యాహ్నం ఒంటిగంట దాకానే నడిచాయి, ఆ తర్వాత మేం ఇళ్లకు పోవాలి. 75 ప్రశ్నల ఫారం. ఇంకోపక్క పత్తి ఏరే సీజన్. ఒంటిగంటకు బడి వదలగానే పెద్ద పిల్లలు సంచి కట్టుకుని చేలోకి.

పది ఏళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు, వీటికి తప్ప టీచర్లను వేరే పనులకు పెట్టకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. ఈ సర్వే ఆ మూడింట్లోకి వస్తుందా అని స్టాఫ్ రూముల్లో చాలా చర్చ నడిచింది. ఉత్తరంలో ఆ చర్చ పెట్టలేదు. “సర్వే అయ్యేదాకా బడి ఒంటిగంట వరకే, ముగ్గురు టీచర్లమూ సర్వేలో ఉన్నాం, మధ్యాహ్నం జరగాల్సిన లెక్కల పాఠం ఆగింది, సర్వే అయ్యాక రోజూ అరగంట ఎక్కువ కూర్చుంటాం, ఆ అరగంటకు పిల్లలను పత్తికి తీసుకుపోకండి” అని రాశాను.

ఈ నెల గురించి ఇంకొకటి చెప్పాలి. సర్వే పాఠాన్ని మింగేసింది, అది నిజం. కానీ అదే సర్వే నన్ను నా పిల్లల ఇళ్లలోకి తీసుకుపోయింది. నాకు వచ్చిన బ్లాకులో మా బడి పిల్లల ఇళ్లు ఇరవై దాకా ఉన్నాయి. మంచం మీద కూర్చుని ఫారం నింపాక, “మీవాడి నోట్సు తీస్కరా” అని రెండు నిమిషాలు చూసేవాణ్ని. ఎవరింట్లో బల్బు ఎక్కడుందో, పిల్ల ఎక్కడ కూర్చుని రాస్తుందో అప్పుడే తెలిసింది. హోంవర్క్ ఎప్పుడూ సగమే చేసే ఒక పిల్లవాడింట్లో ఒకటే బల్బు, అదీ బర్రెల కొట్టంలో. వాణ్ని నేను ఎన్నిసార్లు నిలబెట్టానో! ఆ తర్వాత వాడికి హోంవర్క్ బడిలోనే, భోజనం తర్వాత. తల్లిదండ్రులకు సమాచారం ఇవ్వడం అంటే ఇటునుంచి అటు చెప్పడమే అనుకున్నాను అప్పటిదాకా.

డిసెంబర్‌లో అరగంట అదనపు క్లాసు నడిచింది. సంఘం వాళ్లు ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయిని సాయంత్రాలు కూర్చోబెడతామన్నారు, ఆమె పదిరోజులు వచ్చింది, తర్వాత తన పరీక్షలున్నాయని మానేసింది. ఆమెను ఏమనగలం.

లెక్కలు, ఇంకా తేలనిది

ఏప్రిల్‌లో మళ్లీ చదివించి చూశాం. ఒత్తులున్న పేరా చదవలేని 27 మందిలో 12 మంది మిగిలారు. వాళ్లలో 7 మంది ఏడాదిలో కొన్ని నెలలు అమ్మానాన్నల వెంట వలస పోయొచ్చినవాళ్లు. ఇది ఉత్తరాల వల్లే జరిగిందని నేను చెప్పను, మధ్యలో మూడో టీచర్ వచ్చింది, అదే పెద్ద కారణం కావచ్చు. ఉత్తరాల వల్ల మారిందని గట్టిగా చెప్పగలిగేది అడిగే ప్రశ్న. ఇంతకుముందు “డ్రస్సులు ఎప్పుడొస్తయ్ సార్” అనేవాళ్లు. ఫిబ్రవరి మీటింగ్‌కు 38 మంది వచ్చారు, ఒకావిడ “మా దానికి ‘క్ష’ దగ్గర ఆగుతుంది సార్, మిగిలినయ్ వస్తున్నయ్” అంది. చీటీ తెచ్చిన తల్లి ఇప్పుడు ప్రతి నెలా వస్తుంది, నమ్మకం కుదిరి కాదు, చూసిపోదామని.

ఇక జనవరి సంగతి. పక్క ఊరి బడిలో ఉన్న ఒక్కగానొక్క టీచర్ దీర్ఘకాల సెలవు మీద వెళ్లారు. మా కొత్త టీచరమ్మను అక్కడికి వర్క్ అడ్జస్ట్‌మెంట్ (తాత్కాలిక సర్దుబాటు) కింద పంపమని ఆర్డర్ వచ్చింది. నోటీసు బోర్డు మీద ‘మళ్లీ ఇద్దరం’ అని రాయగానే సంఘం వాళ్లు తమంతట తామే కాగితం రాసుకుని మండల ఆఫీసుకు పోయారు. నేను రాయించలేదు, పొమ్మనలేదు. ఆర్డర్ ఆగింది. ఊరంతా సంబరం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్క ఊళ్లో 19 మంది పిల్లలున్నారు, వాళ్ల బడికి తాళం పడింది. నేను మా పిల్లల లెక్క చెప్పాను, వాళ్ల లెక్క చెప్పలేదు. సగం సమాచారం ఇచ్చి జనాన్ని పంపినట్టయింది.

తర్వాతి సంఘం మీటింగ్‌లో ఆ ఊరి సంగతి పూర్తిగా చెప్పాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఊరికి కోడలుగా పోయినవాళ్లు, అక్కడినుంచి వచ్చినవాళ్లు అందులోనే ఉన్నారు. “గా పిల్లలు గూడ మనోళ్లే గద సార్, ముందే ఎందుకు జెప్పలే?” అని చైర్‌పర్సన్ నన్నే అడిగింది. చివరికి వాళ్లే తేల్చారు: టీచరమ్మ వారంలో మూడు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ. ఆఫీసు వాళ్లు సరేనన్నారు. మార్చి నుంచి ‘బడి ముచ్చట’ రెండు ఊళ్లకూ ఒకటే కాగితం, ముందు వైపు మా బడి, వెనక వైపు వాళ్ల బడి. ఆ మూడు రోజుల వల్ల మా ఒకటో తరగతి వెనకబడింది, అదీ రాశాం.